మొదటి బంగారం తెచ్చిన కెప్టెన్ ఒక ముండా బిడ్డ

హాకీ అంటె మనకు యాదికచ్చేది ధ్యాన్‌చంద్ ఒక్కడే. పోటీ పరీక్షల పుస్తకాలల్ల ఆయన పేరుంటది, పుట్టినరోజు ఉంటది, ఆయన పేరు మీద అవార్డు ఉంటది. ఉండాలె గూడ, గంత పెద్ద ఆటగాడు. గని తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, 1928ల ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌ల మన దేశం హాకీల మొదటి బంగారు పతకం కొట్టినప్పుడు ఆ టీముకు కెప్టెన్ ఎవరు? ఈ ముచ్చట ఆ పుస్తకాలల్ల ఉంటె ఒక్క లైను ఉంటది, లేకుంటె అదీ ఉండదు.

ఆ కెప్టెన్ పేరు జైపాల్ సింగ్ ముండా. ఛోటానాగ్‌పూర్ అడవుల్ల పుట్టిన ఆదివాసీ. ఆక్స్‌ఫర్డ్‌ల చదివిండు, ఐసీఎస్ పాసైండు, ఆట కోసం ఆ కొలువును లెక్కజెయ్యలేదు. ఆ తర్వాత రాజ్యాంగ సభల నిలబడి ఆదివాసుల తరఫున కొట్లాడిండు. ఇయ్యాల ఆదిలాబాద్ గోండు పిల్లగాడు భూమి గురించి అడిగినా, భద్రాచలం కోయ పిల్ల బడి గురించి అడిగినా, ఆ ప్రశ్నల జాడ ఆయన మాటలల్ల దొరుకుతది. గందుకే ఆయన ముచ్చట రాస్తున్న. ముందుగాల హాకీ కాన్నుంచే మొదలువెడుత. ఆయన ఎసొంటి మనిషో ఆటల్నే తెలుస్తది.

టక్రా ఊరి పిల్లగాడు

1903 జనవరి 3న టక్రా అనే ఊర్ల పుట్టిండు. ఇప్పుడది జార్ఖండ్‌ల ఖూంటీ జిల్లా. అప్పుడు రాంచీ జిల్లా కింద ఉండె. ముండాల ఇలాక అది. బయటికెళ్లి వచ్చి భూములు గుంజుకున్న షావుకార్లను, జమీందార్లను అక్కడోళ్లు దికూలు అంటరు. ఆ దికూల మీద, వాళ్ల ఎనుక ఉన్న ఇంగ్లీషోళ్ల మీద ఉల్గులాన్ లేపిన బిర్సా ముండా గూడ ఆ గడ్డ బిడ్డనే. బిర్సా 1900 జూన్‌ల రాంచీ జైల్ల పానం ఇడిసిండు. ఆయన పోయి మూడేండ్లు నిండకముందే జైపాల్ పుట్టిండు. ఇంట్ల పిలిచిన పేరు ప్రమోద్ పాహన్. పాహన్ అంటె ముండాలల్ల ఊరి దేవతలకు పూజ చేసేటోడు.

రాంచీల ఇంగ్లీషు మిషనోళ్లు నడిపే సెయింట్ పాల్స్ బడిల చేరిండు. ఆ బడి పెద్దసారు కానన్ కాస్‌గ్రేవ్ ఈ పిల్లగాన్ల ఏదో ఉన్నదని కనిపెట్టిండు. 1918ల ఆయన ఇంగ్లండ్ వాపస్ పోయేటప్పుడు జైపాల్‌ను ఎంబడి తోలుకపోయిండు. మొదలు కాంటర్‌బరీల సెయింట్ అగస్టీన్స్ కాలేజి. అది మిషనరీలను తయారుచేసే కాలేజి. జైపాల్ మాత్రం పాదిరి కాలేదు. 1922ల ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీల సెయింట్ జాన్స్ కాలేజికి పోయిండు. అర్థశాస్త్రం చదివి 1926ల ఆనర్స్ పట్టా తీసుకున్నడు.

ఇక్కడ నాదొక మాట. గిసొంటి కథ వింటె మనం చప్పట్లు కొడుతం. అడవిల పుట్టి ఆక్స్‌ఫర్డ్ దాక పోయిండు, చూసి నేర్చుకోండ్రి అని పిల్లలకు చెప్తం. గని ఆ ఇలాకల తెలివిగల్ల పిల్లగాడు ఆయన ఒక్కడేనా? కాదు. చేయి పట్టుకొని తోలుకపోయే సారు దొరికింది ఆయనకు. మిగిలినోళ్లకు దొరకలే. ఒక్కడు పైకచ్చిన కథ చెప్పుకుంట, రానోళ్లు ఎందుకు రాలేదో అడగకపోతె అది సగం కథనే. జైపాల్ సింగ్ పెద్దగైనంక జీవితమంతా ఆ రెండో సగం గురించే అడిగిండు.

ఎనుక నిలబడేటోడు

హాకీల పదకొండు మంది. ఆ కాలంల ముంగట అయిదుగురు ఫార్వర్డ్‌లు, వాళ్ల ఎనుక ముగ్గురు హాఫ్‌లు, ఇంకా ఎనుక ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, ఆఖరుకు గోల్‌కీపర్. గోల్స్ కొట్టేది ఎక్కువ ఫార్వర్డ్‌లే. పేపర్ల పేరు వాళ్లదే వస్తది. ఫుల్‌బ్యాక్ పని వేరే. ఎదుటోళ్లు మన హాఫ్‌లను దాటుకొని ఉరికొస్తుంటె, బంతి ఎటు తిరుగుతదో ముందుగాల్నే పసిగట్టి అడ్డం పోవాలె. బంతి గుంజుకున్నంక ఆగం కాకుండ సక్కగ మనోని కర్రకు అందేటట్టు కొట్టాలె. మంచిగ ఆడితె ఎవరికి కనవడది. ఒక్క తప్పు చేస్తె మాత్రం ఊరంతా చూస్తది.

జైపాల్ సింగ్ ఫుల్‌బ్యాక్. ఆక్స్‌ఫర్డ్ టీముల అదే జాగల ఆడిండు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మధ్య ఏటా పోటీలు జరుగుతయి. వాటిల యూనివర్సిటీ తరఫున ఆడినోళ్లకు బ్లూ అనే గౌరవం ఇస్తరు. హాకీల ఆ బ్లూ తీసుకున్న మొదటి ఇండియా విద్యార్థిగ ఆయన పేరు నిలిచింది. ఆసియా దేశాల విద్యార్థులను కూడగట్టి హెర్మిట్స్ అని ఒక క్రీడా క్లబ్బు గూడ పెట్టిండు. ఇంగ్లీషు పేపర్లకు ఆటల గురించి రాసిండు. తెల్లోళ్ల మైదానంల, తెల్లోళ్ల ఆటల, వాళ్లే ఆయనకు జాగ ఇయ్యక తప్పని తీరుగ ఆడిండు.

సెలవు ఇయ్యని సర్కారు

చదువు అయినంక ఐసీఎస్‌కు ఎంపికైండు. ఐసీఎస్ అంటె ఇప్పటి ఐఏఎస్‌కు తాతసొంటిది. కలెక్టరు అంటె అప్పుడు జిల్లాకు రాజే. మన దేశపోళ్లు ఆ పరీక్ష పాసయిండ్రంటె వాళ్ల ఇల్లు మూడు తరాలు కూసొని తినొచ్చు. ఎంపికైనోళ్లకు ఇంగ్లండ్‌లనే కొన్నొద్దులు శిక్షణ ఉంటది. జైపాల్ ఆ శిక్షణల ఉన్నప్పుడే 1928 వచ్చింది.

ఇండియన్ హాకీ ఫెడరేషన్ 1925ల పుట్టింది. ఒలింపిక్స్‌కు టీమును తోలుడు అదే మొదటిసారి. ఆ టీముకు కెప్టెన్సీ చెయ్యాలని జైపాల్‌కు కబురు పెట్టిండ్రు. ఆయన సర్కారును సెలవు అడిగిండు. సర్కారు ఇయ్యనన్నది.

ఇగ ఆలోచించుండ్రి. ఒక దిక్కు దునియాలనే పెద్ద కొలువు. ఇంకో దిక్కు పైస రాని ఆట. అది గూడ దేశానికి ఇంకా స్వాతంత్ర్యమే రాని కాలంల, దేశం పేరు మీద ఆడే ఆట. జైపాల్ సెలవు లేకుండనే ఆమ్‌స్టర్‌డామ్ పోయిండు. ఆట అయిపోయి వాపస్ వచ్చినంక, సెలవు లేకుండ పోయినందుకు ఇంకో ఏడాది శిక్షణ చెయ్యాలన్నరు. చెయ్యనని ఐసీఎస్‌కు రాజీనామా ఇచ్చిండు.

నేను కొలువులు వద్దని చెప్తలేను. అశోక్‌నగర్ రూములల్ల ఏండ్లకేండ్లు ఉడికిపోయే మన పిల్లల గోస నాకు ఎరుకే. కొలువు ఇంటికి అన్నం పెడుతది. గని కొలువు ఇచ్చేటోడు నీ ఇజ్జత్‌ను గూడ జీతంల కోసుకుంటనంటె ఏం చెయ్యాలె? ఒప్పుకోవద్దని తన బతుకుతోనే చూపెట్టిన మనిషి ఈయన.

ఆమ్‌స్టర్‌డామ్‌ల ఇరవై తొమ్మిది గోల్స్

టీము 1928 మార్చిల బొంబాయిల పడవ ఎక్కింది. సాగనంపనీకి రేవుకు వచ్చినోళ్లు ముగ్గురే అని ధ్యాన్‌చంద్ తన ఆత్మకథల రాసుకున్నడు. జైపాల్ ఇంగ్లండ్‌ల టీముతోని కలిసిండు. ఆ టీము ఎట్ల ఉండెనో చూడాలె. సగం కంటె ఎక్కువ ఆంగ్లో ఇండియన్లు. ఫిరోజ్ ఖాన్, షౌకత్ అలీ, సయ్యద్ యూసఫ్ ఉన్నరు. ఖేర్ సింగ్ గిల్ ఉన్నడు. పల్టన్‌ల సిపాయి అయిన ధ్యాన్‌చంద్ ఉన్నడు. వీళ్లందరికి కెప్టెన్‌గ ఒక ముండా ఆదివాసీ. ఆ రోజుల్ల ఊర్లల్ల, గుళ్లల్ల ఒక్క జాగల కూసోనియ్యని మనుషులు, ఆ మైదానంల ఒక్క జట్టు.

మే 17న ఆట మొదలైంది. ఆస్ట్రియా మీద 6 గోల్స్, బెల్జియం మీద 9, డెన్మార్క్ మీద 5, స్విట్జర్లాండ్ మీద 6. మే 26న ఫైనల్. నెదర్లాండ్స్ మీద, వాళ్ల సొంత ఊర్ల, వాళ్ల జనం ముంగట 3 గోల్స్. అయిదు మ్యాచులల్ల మొత్తం 29 గోల్స్ కొట్టిండ్రు. అండ్ల 14 ధ్యాన్‌చంద్‌వే. ఈ లెక్క అందరు చెప్తరు. నేను రెండో లెక్క చెప్త. ఆ అయిదు మ్యాచులల్ల మన మీద పడ్డ గోల్స్ సున్న. ఒక్కటంటె ఒక్కటి పడలే. గోల్‌కీపర్ రిచర్డ్ అలెన్, ఆయన ముంగట నిలబడ్డ ఫుల్‌బ్యాక్‌లు, హాఫ్‌లు కట్టిన గోడ అది.

ఫైనల్ నాడు జైపాల్ మైదానంల లేడు. టీము మేనేజరుతోని పొసగక అంతకుముందే పక్కకు జరిగిండని ఎక్కువమంది రాస్తరు. ఆ రోజు కెప్టెన్సీ ఎరిక్ పిన్నిగర్ చేసిండు. పతకం అందుకునే గడియల లేకపోయినా, మొదటి బంగారం తెచ్చిన టీము కెప్టెన్‌గ చరిత్రల ఉన్న పేరు జైపాల్ సింగ్‌దే.

ఇంకో ముచ్చట గూడ ఉన్నది. హాకీని దునియాకు నేర్పినం అని చెప్పుకునే బ్రిటన్ 1928ల టీమునే తోలలేదు. తాము ఏలే దేశం చేతిల ఓడిపోతమనే భయం అని అప్పట్ల చాలమంది అనుకున్నరు. ఒలింపిక్స్ హాకీల ఆ రెండు దేశాలు ఎదురుపడ్డది స్వాతంత్ర్యం వచ్చినంకనే. 1948ల లండన్ ఫైనల్‌ల మనోళ్లు బ్రిటన్‌ను 4–0తోని ఓడగొట్టిండ్రు.

పదేండ్ల తిరుగుడు

ఐసీఎస్ ఇడిసిపెట్టినంక జైపాల్ బర్మా షెల్ అనే నూనె కంపెనీల చేరి కలకత్తాకు వచ్చిండు. మోహన్ బగాన్ క్లబ్బు హాకీ టీమును నడిపిండు. కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడు డబ్ల్యూ.సి. బెనర్జీ మనుమరాలు తారా మజుందార్‌ను పెండ్లి చేసుకున్నడు. ఆ తర్వాత ఆఫ్రికాకు పోయి, ఇప్పుడు ఘనా అని పిలుస్తున్న గోల్డ్ కోస్ట్‌ల అచిమోటా కాలేజిల పాఠాలు చెప్పిండు. వాపస్ వచ్చి రాయ్‌పూర్‌ల రాజుల కొడుకులు చదివే రాజ్‌కుమార్ కాలేజిల పనిచేసిండు. అటెన్క బికనీర్ సంస్థానంల పెద్ద కొలువు.

చూడనీకి సుఖమైన బతుకే. సూటుబూటు, మంచి ఇంగ్లీషు, రాజుల దోస్తానా. గిట్లనే ఉంటె ఆయన గురించి మనం రాసుకునేది ఏం ఉండకపోవు. గని 1938 ఆఖరుకు ఆయన తన ఇలాక దిక్కు మళ్లిండు. రాంచీల ఆదివాసీ సంఘాలు ఒక్కటై, తమ గోస చెప్పే మనిషి కోసం చూస్తున్నయి. 1939 జనవరిల రాంచీల జరిగిన ఆదివాసీ మహాసభకు ఆయననే అధ్యక్షున్ని చేసిండ్రు. ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణాలను బీహార్‌కెళ్లి విడదీసి వేరే రాష్ట్రం ఇయ్యాలె అనే డిమాండు అక్కన్నుంచి గట్టిపడ్డది. జనం ఆయనను మరంగ్ గోమ్కే అని పిలిచిండ్రు. ముండారీల దాని అర్థం పెద్ద నాయకుడు అని.

సరిగ్గ అదే కాలంల, 1940ల, మన జోడేఘాట్‌ల కొమురం భీం నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిండు. ఒకాయన రాంచీల సభ పెట్టిండు, ఇంకొకాయన బాబేఝరీ గుట్టలల్ల తుపాకి పట్టిండు. తొవ్వలు వేరు. అడిగింది మాత్రం ఒక్కటే: మా అడవి మీద, మా భూమి మీద పెత్తనం మాదే.

జైపాల్ చేసిన పనులన్నీ అందరు మెచ్చుకున్నయి కావు. రెండో ప్రపంచ యుద్ధంల ఇంగ్లీషోళ్లకు మద్దతు ఇచ్చిండు. కాంగ్రెస్ నాయకులు ఆయనను అనుమానంతోనే చూసిండ్రు. ఆయన గూడ వాళ్లను గట్లనే చూసిండు. దికూ ఖద్దరు కట్టుకున్నా దికూనే అనేది ఆ ఇలాక జనం బతికి తెలుసుకున్న సంగతి.

రాజ్యాంగ సభల నిలబడి

1946ల బీహార్ నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికైండు. డిసెంబర్‌ల నెహ్రూ లక్ష్యాల తీర్మానం పెట్టిండు. డిసెంబర్ 19న జైపాల్ లేచి మాట్లాడిండు. తనను తాను జంగ్లీ అని చెప్పుకున్నడు, గర్వంగ చెప్పుకున్నడు. ఆరువేల ఏండ్ల సంది తన జనాన్ని బయటోళ్లు దోచుకుంట, అడవులల్లకు తరుముకుంట వచ్చిండ్రని లెక్క చెప్పిండు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు మీరు నేర్పేది లేదు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలె అనే అర్థం వచ్చేటట్టు సభకు తేల్చి చెప్పిండు. అయినా తీర్మానాన్ని కాదనలేదు. అందరికి సమానంగ అవకాశం ఉండే కొత్త దేశం వస్తదని నెహ్రూ చెప్తుండు గద, ఆ మాటను నేను నమ్ముతున్న అని ఆ మాటకే ఆయనను కట్టేసిండు.

ఏడాది తిరిగినంక ఏమైందో చూడుండ్రి. 1948 జనవరి 1. ఖర్సావాఁ అనే చిన్న సంస్థానాన్ని ఒరిస్సాల కలుపుతున్నరు. వద్దని వేలమంది ఆదివాసులు సంత మైదానంల జమైండ్రు. జైపాల్ వస్తడు, మాట్లాడుతడు అని ఎదురుచూసిండ్రు. ఆయన చేరుకోలేదు. ఒరిస్సా పోలీసులు కాల్పులు జరిపిండ్రు. సర్కారు లెక్కల 35 మంది చనిపోయిండ్రు. అక్కడి జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చి అయిదు నెలలు గూడ నిండలేదు. అక్కడ ఇప్పటికీ జనవరి 1 అంటె పండుగ కాదు, చనిపోయినోళ్లకు దండం పెట్టే దినం.

అయినా ఆయన సభ ఇడిసిపెట్టి పోలేదు. ఫుల్‌బ్యాక్ గద. ఒక్కొక్క అంశం మీద అడ్డం నిలబడుకుంట పోయిండు.

పేరు గురించి కొట్లాడిండు. రాజ్యాంగంల మమ్ములను ఆదివాసులనే పిలువుండ్రి, ఈ గడ్డ మీద మొదటి మనుషులం అని ఆ పేరు చెప్తది అన్నడు. ఆదివాసీ అనే మాటకు చట్టంల ఖరారైన అర్థం లేదని అంబేద్కర్ వివరణ ఇచ్చిండు. ఆఖరుకు షెడ్యూల్డ్ తెగలు అనే మాటే ఖాయమైంది.

మద్యనిషేధం మీద గూడ లేచిండు. సభల పెద్దమనుషులు తాగుడు మానిపియ్యాలని ఉపన్యాసాలు ఇస్తుంటె, బియ్యంతోని చేసే కల్లు ఆదివాసుల పూజల, పండుగల, నాట్ల కాలంల భాగమని, దాన్ని చట్టంతోని కొట్టేస్తె వాళ్ల మతం మీద చెయ్యి వేసినట్టే అని చెప్పిండు. నేను తాగుడును మెచ్చుకుంటలేను, దాంతోని ఆగమైన ఇండ్లు మన ఊర్లల్ల ఎన్నో ఉన్నయి. గని దేవునికి పోసే ఇప్పసార కోసం గూడెంల కుండలు పగులగొట్టి, అదే గూడెం పక్కన వైన్ షాపుకు లైసెన్సు ఇచ్చే రాజ్యాన్ని మనం చూస్తనే ఉన్నం. ఆయన చెప్పింది ఈ న్యాయం గురించే.

భాష గురించి లేచిండు. 1949 సెప్టెంబర్‌ల ఎనిమిదో షెడ్యూల్ మీద చర్చ నడుస్తుంటె, ముండారీ, ఒరాఁవ్, గోండీ భాషలను అండ్ల చేర్చాలన్నడు. గోండీ! మన ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు గూడేలల్ల మాట్లాడే గోండీ. చేర్చలేదు. ఆయన పోయిన ఎన్నో ఏండ్లకు, 2003ల, సంతాలీకి ఆ జాగ దొరికింది. గోండీకి, ముండారీకి ఇప్పటికీ దొరకలే. నార్నూరు దగ్గర గుంజాల ఊర్ల గోండీకి సొంత లిపి ఉన్న రాతప్రతులు బయటవడ్డయి. 2018ల ఆ లిపి యూనికోడ్‌ల గూడ ఎక్కింది. దునియాల ఉన్న కంప్యూటర్లు గుర్తుపట్టిన భాషను ఢిల్లీ ఇంకా గుర్తువట్టలేదు.

అయిదో షెడ్యూల్ మీద గూడ కొట్లాడిండు. గిరిజన సలహా మండలికి మాట చెల్లేటట్టు ఉండాలె, ఊకె కూసోవెట్టి చాయ్ తాపి పంపే మండలి కావద్దు అనేది ఆయన వాదన సారం. ఆఖరుకు వచ్చిన షెడ్యూల్‌ల, గవర్నర్ తన ముంగట పెట్టిన విషయాల మీద సలహా ఇచ్చుడే ఆ మండలి పని అయింది.

కోడిపుంజు గుర్తు, పోయిన ఆట

రాజ్యాంగం వచ్చినంక మహాసభ జార్ఖండ్ పార్టీగ మారింది. గుర్తు కోడిపుంజు. 1952 ఎన్నికలల్ల బీహార్ అసెంబ్లీల 32 సీట్లు, లోక్‌సభల 3 సీట్లు గెలిచింది. పట్నా అసెంబ్లీల కాంగ్రెస్ ఎదురుంగ పెద్ద ప్రతిపక్షం ఆదివాసుల పార్టీనే. అడవులల్లకెళ్లి, గనులల్లకెళ్లి వచ్చినోళ్లు ఆ సభల కూసున్నరు. ఇది చిన్న సంగతి కాదు.

1955ల రాష్ట్రాల పునర్విభజన కమిషన్ జార్ఖండ్ రాష్ట్రం ఇయ్యలేమన్నది. ఆ ఇలాకల ఆదివాసుల జనాభా సగం కంటె తక్కువ, భాషలు గూడ ఒక్కటి కావు అనేది దాని లెక్క. అక్కన్నుంచి పార్టీల నీరసం మొదలైంది. 1962ల సీట్లు 20కి పడిపోయినయి. 1963ల జైపాల్ సింగ్ జార్ఖండ్ పార్టీని కాంగ్రెస్‌ల కలిపేసిండు. కొన్నొద్దులు బీహార్ మంత్రి గూడ అయిండు.

ఇక్కడ నేను ఆయనను కాపాడ. ఆ విలీనం ఆయన చేసిన పెద్ద తప్పు. జనం పెట్టుకున్న ఆశను పట్నా కుర్చీల కోసం అప్పజెప్పిండని అక్కడోళ్లు బాధపడ్డరు, కోపానికచ్చిండ్రు. కోడిపుంజును నమ్మి ఓటేసిన ముసలవ్వకు ఏమని జవాబు చెప్తరు? లోపల ఉండి రాష్ట్రం సాధిస్తం అనే మాట వినసొంపుగ ఉంటది. తెలంగాణ ఉద్యమం చూసిన మనకు ఆ మాట రుచి తెలుసు. 1971ల తెలంగాణ ప్రజా సమితి పది లోక్‌సభ సీట్లు గెలిచి, ఆ ఏడాదే కాంగ్రెస్‌ల కలిసిపోయింది. మనకు ఇంకో నలభై మూడేండ్లు పట్టింది. జార్ఖండ్‌కు విలీనం తర్వాత ముప్పై ఏడేండ్లు పట్టింది. 2000 నవంబర్ 15న, బిర్సా పుట్టినరోజు నాడు, ఆ రాష్ట్రం వచ్చింది. చూడనీకి జైపాల్ లేడు. 1970 మార్చి 20న ఢిల్లీల చనిపోయిండు. 1952 నుంచి చనిపోయేదాక లోక్‌సభ సభ్యుడే.

అదే ఏడాది ఫిబ్రవరిల మన దిక్కు 1/70 చట్టం అమలుకు వచ్చింది. ఏజెన్సీల గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనుడు చెల్లదని చెప్పే చట్టం అది. ఆయన రాసింది కాదు, ఆయనకు దాంతోని సంబంధం లేదు. గని దాని కింద ఉన్న పునాది అయిదో షెడ్యూల్. ఆ పునాది పడ్డప్పుడు సభల నిలబడి గట్టిగ పొయ్యుండ్రి అని అరిసినోళ్లల్ల ఆయన ముంగట ఉన్నడు.

మిగిలిన ఆట

ఇప్పుడు రాంచీల ఆయన పేరు మీద హాకీ స్టేడియం ఉన్నది. విదేశాలల్ల చదువుకునే ఆదివాసీ విద్యార్థులకు జార్ఖండ్ సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఆయన పేరే పెట్టిండ్రు. దానికంటె పెద్ద గుర్తు వేరే ఉన్నది. ఖూంటీ, సిమ్డేగా, ఒడిశాల సుందర్‌గఢ్. ఈ మూడు జిల్లాలల్ల పిల్లలు వెదురు కట్టెలతోని, సొంతంగ చెక్కుకున్న కర్రలతోని హాకీ ఆడుకుంట పెరుగుతరు. ఊర్ల మధ్య పోటీలు పెడుతరు, గెలిచిన టీముకు మేకపోతు బహుమానం. ఆ మైదానాలకెళ్లే 1975 ప్రపంచ కప్ గెలిచిన టీముల ఆడిన మైకేల్ కిండో వచ్చిండు. 1980 మాస్కో బంగారం టీముల ఆడిన సిల్వానస్ డుంగ్‌డుంగ్ వచ్చిండు. మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ తిర్కీ వచ్చిండు. ఖూంటీ జిల్లా హేసల్ ఊరి నిక్కీ ప్రధాన్, సిమ్డేగా బిడ్డ సలీమా టేటే వచ్చిండ్రు. సలీమా భారత మహిళల టీముకు కెప్టెన్ అయింది. వీళ్లల్ల కిండో, డుంగ్‌డుంగ్, తిర్కీ ముగ్గురూ ఎనుక నిలబడి గోల్ కాపాడినోళ్లే.

మన దిక్కు చూస్తె నాకు మనసు కలుక్కుమంటది. మన ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఉరుకుడుల తక్కువనా? బాణం గురిల తక్కువనా? ఎన్నో బడులల్ల మైదానం ఉంటె ఆడిపిచ్చే సారు లేడు, సారు ఉంటె బంతి లేదు. ఏజెన్సీ బడులల్ల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇయ్యాలన్న జీవో 3ను 2020 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు కొట్టేసింది. గోండీ, కోయ, కొలామీ తెలిసిన సారు లేని బడిల ఆరేండ్ల పిల్ల మొదటి రోజు ఏమని మాట్లాడాలె? జైపాల్ 1949ల అడిగిన భాష ప్రశ్న ఇదే. అది ఇంకా మన వాకిట్లనే నిలబడి ఉన్నది.

గందుకే ఆయనను దేవున్ని చేసి దండేసుడుతోని సరిపోదు. ఆయన తప్పు నుంచి గూడ నేర్చుకోవాలె, మన నాయకులను ఎవరింట్ల కలిపేసుకుంటున్నరో కన్నేసి ఉంచాలె. గ్రామసభ పెడితె పోయి కూసోవాలె, తీర్మానం చదవకుండ దస్తకత్ పెట్టొద్దు. గోండీ మాట్లాడేటోళ్లు గోండీల రాయాలె, ఫోన్ల ఆ లిపి పెట్టుకోవాలె.

ఇంకొక పని గూడ ఉన్నది, పైసలు ఎక్కువ పట్టని పని. జనవరి 3న ఆయన పుట్టినరోజు. సంక్రాంతి సెలవులకు ముందే వస్తది. మీ గూడెంల, మీ ఊర్ల రెండు దిక్కుల వెదురు బొంగులు పాతి ఒక హాకీ పోటీ పెట్టుండ్రి. అందరు కలిసి చందా ఏసి మేకపోతును బహుమానం పెట్టుండ్రి. ఆట షురూ అయ్యే ముందు, ఈ దేశానికి హాకీల మొదటి బంగారం తెచ్చిన టీముకు కెప్టెన్ ఎవరో మైకుల ఒక్కసారి చెప్పుండ్రి. మీ టీముల ఎనుక నిలబడే పిల్లగాన్ని, పిల్లను ఆ రోజు జెర పేరు పెట్టి పిలువుండ్రి.